చార్లెస్టన్ పాత ఇళ్లు ఒక్క రోజులో: పెరడు నుంచి మొదలుపెట్టి చూసే పద్ధతి

షార్లెట్, కొలంబియా, సవానా ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలు వారాంతంలో సౌత్ కరోలైనాలోని చార్లెస్టన్ వెళ్లి రావడం మామూలే. తిరిగి వచ్చాక చాలామంది చెప్పేది ఒకటే: "రంగురంగుల ఇళ్ల ముందు ఫొటోలు దిగాం, గుర్రపు బండి ఎక్కాం, ఒక ఇంట్లోకి వెళ్లాం, అన్నీ ఒకేలా అనిపించాయి." ఆ ఇళ్లను సరిగ్గా చూడాలంటే ఏ వరుసలో వెళ్లాలి, ఎంత సమయం పడుతుంది, పెద్దవాళ్లను ఎలా తీసుకెళ్లాలి అని అడిగేవారు ఎక్కువయ్యారు. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఊరి చరిత్ర ఇక్కడ చెప్పడం లేదు. పొద్దున్న ఇంట్లో బయలుదేరి రాత్రికి తిరిగి చేరేలా, మూడు ఇళ్లను అర్థమయ్యేలా చూడడమే లక్ష్యం.

## 1. ఎన్ని ఇళ్లు, ఏ ఇళ్లు

మూడే. అంతకు మించి పెట్టుకోవద్దు. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క రోజులో ఐదు ఇళ్లు పెట్టుకున్నాం. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఏ మెట్లు ఏ ఇంట్లో చూశామో కలగలిసిపోయింది. పిల్లలు గుమ్మం దగ్గరే కూర్చుండిపోయారు.

నేను సూచించే మూడు ఇళ్లు, ఇదే వరుసలో:

- ఏకెన్-రెట్ హౌస్, 48 ఎలిజబెత్ స్ట్రీట్. 1820 ప్రాంతంలో కట్టినది. మరమ్మతులతో కొత్తగా చేయకుండా, కూలిపోకుండా మాత్రం కాపాడుతున్నారు.
- నథానియల్ రసెల్ హౌస్, 51 మీటింగ్ స్ట్రీట్. 1808లో పూర్తయింది. దీన్ని పాత వైభవానికి తెచ్చి చూపిస్తున్నారు.
- హేవర్డ్-వాషింగ్టన్ హౌస్, 87 చర్చ్ స్ట్రీట్. 1772 నాటిది. వెనక విడి వంటిల్లు ఇంకా నిలిచి ఉంది.

ఈ వరుసకు రెండు కారణాలు. మొదటిది దారి. చార్లెస్టన్ పాత ఊరు యాష్లీ, కూపర్ నదుల మధ్య పొడవాటి నాలుకలా ఉంటుంది. ఏకెన్-రెట్ పై భాగంలో ఉంది, మిగతా రెండూ కింది కొస దగ్గర. పైనుంచి కిందికి వస్తే పెద్దగా వెనక్కి నడవనక్కర్లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. మెరుగు దిద్దిన ఇంటిని ముందు చూస్తే, తరువాత చూసే పాడుబడిన ఇల్లు "ఏమీ లేదు" అనిపిస్తుంది. పాడుబడిన ఇంటిని, అందులోనూ దాని పెరడును ముందు చూస్తే, మెరుగు దిద్దిన హాల్లో నిలబడినప్పుడు ఆ మెరుగు వెనక ఎవరి చేతులున్నాయో మీకే తోస్తుంది.

ఊరి బయట యాష్లీ నది ఒడ్డున ఉన్న డ్రేటన్ హాల్, మిడిల్టన్ ప్లేస్, మాగ్నోలియా తోటలను ఈ రోజులో కలపవద్దు. వాటికి విడిగా ఒక రోజు కావాలి.

## 2. రోజు ఎంచుకోవడం: ఎండ, పోటు, రద్దీ

మార్చి నుంచి మే మధ్య వరకు, తిరిగి అక్టోబరు, నవంబరు నెలలు బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత మన కోస్తా ఊళ్లను తలపిస్తుంది, సాయంత్రానికి ఉరుములతో వాన. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే కాబట్టి, వాళ్లతో వెళ్లేటప్పుడు మూడో ఇల్లు వదిలేసి రెండింటితో ఆపండి.

చాలామంది చూడని విషయం సముద్రపు పోటు. ఈ ఊరు సముద్రమట్టానికి కొంచెమే ఎత్తులో ఉంది. చార్లెస్టన్ హార్బర్ కొలత దగ్గర పోటు 7 అడుగులు దాటితే వాన లేకపోయినా పల్లపు వీధుల్లోకి నీళ్లొస్తాయి. అదే సమయంలో పెద్ద వాన పడితే మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల, ఊరికి అడ్డంగా వెళ్లే పెద్ద రోడ్డు మీద కార్లు ఆగిపోతాయి. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైటులో పోటు వేళలు ముందే ఉంటాయి. వెళ్లే రోజు పోటు ఎప్పుడొస్తుందో, ఎంత ఎత్తుకొస్తుందో రాసిపెట్టుకోండి. ఆ గంటలో నీళ్లు నిలిచే వీధుల్లో కారు తిప్పకుండా ఇంటి లోపల ఉండేలా ప్రణాళిక వేయండి. వీధిలో నిలిచింది ఉప్పునీరు. అందులోంచి కారు నడపవద్దు.

రద్దీ విషయంలో రెండు జాగ్రత్తలు. వసంతంలో కూపర్ నది వంతెన మీద పరుగు పందెం జరిగే శనివారం దారులు మూసేస్తారు. మే చివర నుంచి జూన్ మొదటి వారాల వరకు స్పోలెటో కళా ఉత్సవం వల్ల జనం ఎక్కువ. ఆదివారం కొన్ని ఇళ్లు ఆలస్యంగా తెరుస్తారు, కొన్ని మ్యూజియంలు అసలు తెరవరు. అన్నీ కలిపి చూస్తే శనివారం కంటే శుక్రవారం నయం. సెలవు పెట్టగలిగితే పెట్టండి.

## 3. టికెట్లు

ఏకెన్-రెట్, నథానియల్ రసెల్ ఇళ్లు రెండూ హిస్టారిక్ చార్లెస్టన్ ఫౌండేషన్ చేతిలో ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒకే టికెట్టు తీసుకుంటే తక్కువ పడుతుంది. హేవర్డ్-వాషింగ్టన్ హౌస్ చార్లెస్టన్ మ్యూజియంది. దాని టికెట్టు విడిగా తీసుకోవాలి.

ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి వారం ముందు ఒకసారి, ముందు రోజు రాత్రి ఇంకొకసారి ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూడండి. మూసే వేళతో పాటు ఆఖరి ప్రవేశం ఎప్పుడో కూడా చూసుకోండి. తలుపులు 5 గంటలకు మూస్తారంటే, ఆఖరి బృందం అంతకు ముందే లోపలికి వెళ్లిపోతుంది.

ఏకెన్-రెట్‌లో ఆడియో వింటూ మన వీలు ప్రకారం తిరగవచ్చు. రసెల్ హౌస్‌లో గైడు తీసుకెళ్తారు కాబట్టి సమయం ముందే ఖాయం చేసుకోవాలి. మధ్యాహ్నం 1 గంట ప్రాంతంలో తీసుకుంటే రోజంతా కుదురుగా నడుస్తుంది.

## 4. ముందు రోజు రాత్రి సిద్ధం చేసుకోవలసినవి

- తక్కువ మడమ ఉన్న, మెత్తటి చెప్పులు లేదా బూట్లు. పాత చెక్క నేలకు ఎత్తు మడమలు హాని చేస్తాయి. వీధుల్లో ఇటుకలు, రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి.
- ప్రతి ఒక్కరికీ ఇయర్‌ఫోన్లు, పూర్తిగా ఛార్జ్ అయిన ఫోన్లు.
- చిన్న సంచి. వీపు సంచులు, పిల్లల తోపుడు బండ్లు లోపలికి తీసుకెళ్లనివ్వకపోవచ్చు.
- నీళ్ల సీసాలు, టోపీ, గొడుగు, దోమల మందు.
- పులిహోర, పెరుగన్నం లాంటి కట్టుకెళ్లే భోజనం. కారణం ఆరో భాగంలో చెబుతాను.
- టికెట్ల స్క్రీన్‌షాట్లు, పోటు వేళలు రాసుకున్న కాగితం.

షార్లెట్ నుంచి మూడుంబావు గంటలు వేసుకోండి. కొలంబియా దాకా ఐ-77, అక్కడి నుంచి ఐ-26. కొలంబియా నుంచి, సవానా నుంచి దాదాపు రెండేసి గంటలు. అట్లాంటా నుంచి ఐదు గంటలు పడుతుంది. అట్లాంటా వాళ్లు ఒక్క రోజులో వెళ్లి రావద్దు, రాత్రికి చార్లెస్టన్‌లోనే ఉండండి.

## 5. ఉదయం 10 గంటలు: ఏకెన్-రెట్ హౌస్

మీటింగ్ స్ట్రీట్‌లో 375 నంబరు దగ్గరున్న విజిటర్ సెంటర్‌ను ఆనుకొని పార్కింగ్ గ్యారేజీ ఉంది. తొమ్మిదిన్నరకల్లా కారు అక్కడ పెట్టి సాయంత్రం దాకా కదపకండి. మరుగుదొడ్ల పని కూడా అక్కడే ముగించుకోండి. పాత ఇళ్లలో అన్నిచోట్లా ఆ వసతి ఉండదు. అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల లోపు నడక.

ఈ ఇంటికి గంటన్నర కేటాయించండి. అందులో సగం పెరడుకే.

పెరట్లోకి రాగానే ఇటుక భవనాలు రెండు ఎదురెదురుగా కనిపిస్తాయి. ఒకటి వంటిల్లు, బట్టలు ఉతికే చోటు. రెండోది గుర్రాల శాల, బండ్ల కొట్టు. వాటి పై అంతస్తుల్లో బానిసలుగా ఉంచిన మనుషులు నిద్రపోయేవారు. ఆ గదుల్లోకి ఎక్కండి. తరువాత ఈ క్రమంలో చూడండి:

1. గది మధ్యలో నిలబడి గది ఎంతుందో, కిటికీ ఎటు చూస్తోందో గమనించండి.
2. గోడల మీద మిగిలిన పాత రంగు జాడలు వెతకండి. ఆ గదుల్లో ఉన్నవాళ్లు వాటిని తమ ఇల్లుగా చేసుకోవడానికి పడిన తాపత్రయం ఆ రంగుల్లో కనిపిస్తుంది.
3. వంటిల్లు నుంచి పెద్దింటి భోజనాల గదికి అడుగులు లెక్కపెడుతూ నడవండి. వేడి వంటకం పట్టుకుని వానలో, ఎండలో రోజుకు ఎన్నిసార్లు అలా నడవాలో పిల్లలను లెక్క వేయమనండి.
4. పెరటి గోడల ఎత్తు చూడండి. ఎవరు బయటికి పోకుండా అంత ఎత్తు లేపారో అడగండి.

ఆ తరువాతే పెద్దింట్లోకి వెళ్లండి. ఊడిన గోడ కాగితం, పెచ్చులూడిన సున్నం, వాటి మధ్య పెద్ద దీపాల గుత్తులు కనిపిస్తాయి. ఇంటివాళ్లు ఐరోపా నుంచి తెచ్చిన చిత్రాలు, శిల్పాల కోసం 1858లో కట్టించిన చిత్రశాల కూడా ఉంది.

ఈ ఇంటి డబ్బు ఎక్కడిదని మీ పిల్లలు అడిగితే జవాబు వరి అని చెప్పండి. గవర్నరుగా పనిచేసిన విలియం ఏకెన్‌కు చార్లెస్టన్ దక్షిణాన జెహాసీ ద్వీపంలో పెద్ద వరి తోట ఉండేది. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చినవాళ్లకు ఈ పని గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. గట్లు వేసి, చెక్క తూములు కట్టి, పోటుతో పైకి లేచే మంచినీటిని మళ్లలోకి మళ్లించి, ఆటుకు వదిలేసేవారు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించిన మనుషులను ఎత్తుకొచ్చి, వాళ్ల నైపుణ్యంతో, వాళ్ల ఒళ్లు హూనం చేసి పండించిన వరి అది. తూము అనే ఒక్క మాట చెప్పగానే మా నాన్నగారు ఆ ఇంటిని చూసే తీరే మారిపోయింది.

## 6. మధ్యాహ్నం: దిగువకు ప్రయాణం, భోజనం

విజిటర్ సెంటర్ దగ్గర డాష్ అనే ఉచిత బస్సు ఎక్కి బ్రాడ్ స్ట్రీట్ దగ్గరలో దిగండి. నడిచే ఓపిక ఉంటే మీటింగ్ స్ట్రీట్ వెంట తిన్నగా అరగంట నడక.

మీటింగ్, బ్రాడ్ వీధులు కలిసే చోట సిటీ హాల్ వెనక వాషింగ్టన్ స్క్వేర్ అనే చిన్న పార్కు ఉంది. చెట్ల నీడ, బెంచీలు ఉంటాయి. కట్టుకెళ్లిన భోజనం అక్కడ చేయండి.

హోటల్లో తినాలనుకునే శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి. బొబ్బర్లతో వండే హోపిన్ జాన్, ఎర్ర అన్నం, ఆకుకూరలు పేరుకు శాకాహారంలా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు పంది మాంసం వేసి వండుతారు. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్‌ను కూడా మాంసం ఉడికించిన రసంతో చేసే అవకాశం ఉంది. "మాంసం ముక్కలు ఉన్నాయా" అని అడిగితే సరిపోదు, "దేనితో వండారు" అని అడగండి.

## 7. మధ్యాహ్నం 1 గంట: నథానియల్ రసెల్ హౌస్

అందరూ ఈ ఇంటికి మెట్ల కోసం వస్తారు. గోడకు ఆనకుండా మెలితిరుగుతూ మూడు అంతస్తులు ఎక్కే ఆ మెట్లు నిజంగానే చూడదగ్గవి. కింద నిలబడి పైకి చూడండి, అదే సరైన కోణం.

గైడు చెప్పేది వింటూ వెళ్లిపోతే కుర్చీలు, అద్దాల గురించే ఎక్కువ వినాల్సి రావచ్చు. కాబట్టి ఈ ప్రశ్నలు మర్యాదగా అడగండి:

- రసెల్ ఏ వ్యాపారం చేసి ఇంత సంపాదించారు? బానిసల వ్యాపారం అందులో ఉంది.
- ఈ ఇంట్లో బానిసలుగా ఉన్నవాళ్లలో ఎవరి పేర్లు తెలిశాయి?
- వెనక వంటింటి గోడల్లో ఏమేమి దొరికాయి?

మూడో ప్రశ్న తప్పకుండా అడగండి. వంటింటి గోడల సందుల్లో ఎలుకలు కట్టుకున్న గూళ్లలో గుడ్డ పేలికలతో పాటు చదువు నేర్పే పుస్తకపు కాగితం ముక్కలు దొరికాయి. బానిసలకు రాత నేర్పడాన్ని సౌత్ కరోలైనా 1740లోనే చట్టంతో నిషేధించింది. అయినా అక్కడ ఎవరో అక్షరాలు దిద్దుకుని ఉండవచ్చు. ఆ మెట్ల కంటే నాకు ఆ కాగితం ముక్కే ఎక్కువ గుర్తుండిపోయింది.

## 8. రెండున్నర: హేవర్డ్-వాషింగ్టన్ హౌస్, లేదా దానికి బదులు

రసెల్ హౌస్ నుంచి ఐదారు నిమిషాల నడక. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన థామస్ హేవర్డ్ జూనియర్ ఇల్లిది. 1791 మే నెలలో జార్జి వాషింగ్టన్ ఇక్కడ బస చేశారు. తరువాతి కాలంలో కింది అంతస్తులో బేకరీ నడిచింది. 1929లో మ్యూజియం తీసుకుని బాగుచేసింది.

ముందు గదులు త్వరగా చూసి వెనక వంటిల్లు, తోట దగ్గర ఎక్కువ సేపు ఉండండి. పొద్దున్న చూసిన పెరడుతో పోల్చుకోవడానికి ఇదే అదను.

మీ బృందం అలసిపోయి ఉంటే, లేదా ఇంకో ఇల్లు చూసే ఆసక్తి లేకపోతే, చామర్స్ స్ట్రీట్‌లో 6 నంబరు దగ్గరున్న ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియంకు వెళ్లండి. మనుషులను వేలం వేసిన చోటు అది. చిన్నది, గంటలోపు అయిపోతుంది. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి.

## 9. మూడున్నర నుంచి: వీధిలోంచి ఇళ్లను చదవడం

ఇక టికెట్టు అక్కర్లేదు. చర్చ్ స్ట్రీట్, ట్రాడ్ స్ట్రీట్, అక్కడి నుంచి ఈస్ట్ బే స్ట్రీట్‌లో 13 రంగుల ఇళ్ల వరుస అయిన రెయిన్‌బో రో, చివరికి సముద్రపు గట్టు మీదుగా వైట్ పాయింట్ గార్డెన్. దారిలో వీటిని గుర్తుపట్టండి:

- సింగిల్ హౌస్: వీధి వైపు ఒక్క గది వెడల్పే ఉండి, వెనక్కి పొడవుగా సాగే ఇల్లు. పక్కన దక్షిణానికో పడమరకో తెరిచిన పొడవాటి వసారా ఉంటుంది. దాన్ని అక్కడివాళ్లు పియాజా అంటారు. గాలి కోసం ఈ ఏర్పాటు.
- వీధి తలుపు: మీకు కనిపించేది ఇంటి తలుపు కాదు, వసారా తలుపు. అసలు గుమ్మం వసారా మధ్యలో ఉంటుంది.
- ఇనుప బిళ్లలు: గోడల మీద గుండ్రంగా, నక్షత్రంలా కనిపించేవి. 1886 ఆగస్టు 31 భూకంపం తరువాత చాలా ఇళ్ల గోడలను ఇనుప కడ్డీలతో బిగించారు, వాటి చివరలే ఇవి.

వీటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. వసారా తలుపు తెరిచి ఉన్నా లోపలికి అడుగు పెట్టవద్దు. గేట్లు, మెట్లు ఎక్కి ఫొటోలు దిగవద్దు.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మార్గాలు

మధ్యాహ్నానికి చేరుకోవడం. రెండు ఇళ్లు కూడా పూర్తికావు. ఆలస్యమైతే ఏకెన్-రెట్ ఒక్కటి చూసి, తిన్నగా సముద్రపు గట్టుకు వెళ్లండి.

కారులో ఇంటింటికీ తిరగడం. బ్రాడ్ స్ట్రీట్ దిగువన వీధులు ఇరుకు, పార్కింగ్ అరుదు. కారు గ్యారేజీలోనే ఉండనివ్వండి.

రోజంతా తిరిగిన అలసటను లెక్కలోకి తీసుకోకపోవడం. నడిపేవారు ఒక్కరే అయితే రాత్రి తిరుగు ప్రయాణం ప్రమాదం. ఐదున్నరకు బయలుదేరి కొలంబియాలో ఆగి భోజనం చేయండి.

తెలుగులో తప్పుగా చెప్పడం. ఇది మన కుటుంబాల్లో అన్నిటికంటే ఎక్కువగా చూశాను. గైడు చెప్పేది అత్తయ్యకో మామయ్యకో తెలుగులో చెబుతూ "ఇక్కడ పనివాళ్లు ఉండేవారట" అనేస్తాం. పనివాడు జీతం తీసుకుంటాడు, నచ్చకపోతే మానేసి వెళ్తాడు. ఆ గదుల్లో ఉన్నవాళ్లకు ఆ రెండూ లేవు, వాళ్ల బిడ్డలను అమ్మేసే హక్కు యజమానికి ఉండేది. "బానిసలుగా ఉంచినవాళ్లు" అనే చెప్పండి. పెద్దవాళ్లు వెంటనే నిలబడి రెండో ప్రశ్న అడుగుతారు. మాటల్లో కప్పిపుచ్చితే వాళ్లకు మిగిలేది మంచాలు, బీరువాలే.

## 11. పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తే

పై అంతస్తులకు మెట్లే దారి అనుకుని సిద్ధపడండి. మోకాళ్ల నొప్పులున్నవారి విషయం టికెట్టు తీసుకునేటప్పుడే ఫోను చేసి అడగండి. ఇంగ్లీషు ఆడియో అర్థం కాని పెద్దవాళ్లతో ఒకరు ఉండి, ప్రతి గదిలో రెండు మూడు వాక్యాలు తెలుగులో చెప్పండి. మొత్తం అనువదించబోతే వెనకబడిపోతారు.

పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పని ఇవ్వండి: ఒకరు ఇనుప బిళ్లలు లెక్కపెట్టాలి, ఒకరు ప్రతి ఇంట్లో వంటిల్లు ఎక్కడుందో బొమ్మ గీయాలి. మూడు ఇళ్ల బొమ్మలూ తిరుగు ప్రయాణంలో పక్కపక్కన పెట్టి చూపించమనండి. పెద్దింటికి, వంటింటికి మధ్య దూరం ఏ ఇంట్లో ఎంతో వాళ్లే చెబుతారు.